పడమటి గోడకు వచ్చిన గ్రేడు

చదివినదాన్ని అర్థం చేసుకోవడంలో విద్యార్థుల విలువైన కాలం వృథా అవుతున్నదని ఆంగ్ల పాఠ్య విశ్లేషణా మండలివారు కనుగొన్న సంవత్సరంలోనే, ముప్పరాజుపాలెం ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి గది పడమటి గోడ నాలుగు అంగుళాల మేర లోపలికి ఒరిగింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉంటుందని అప్పటికి ఎవరికీ తోచలేదు.

మండలివారి సర్క్యులరు పదకొండు పేజీలు. ఒక పద్యం ఏమి చెబుతున్నదో గ్రహించడం వ్యక్తిగత అభిరుచికి చెందిన విషయమనీ, దానికి మార్కులు వేయడం అశాస్త్రీయమనీ, అందులో ఉపమలెన్ని, రూపకాలెన్ని, పాసివ్ వాయిస్ వాక్యాలెన్ని అన్నది మాత్రమే నిష్పాక్షికంగా లెక్కించదగినదనీ మొదటి మూడు పేజీలు ఉద్ఘోషించాయి. తరువాతి పేజీల నిండా రంగులే. ఉపమ కింద ఆకుపచ్చ గీత, రూపకం కింద ఎర్ర గీత, అతిశయోక్తి కింద నారింజ గీత, ప్రాణంలేని వస్తువుకు మనిషి చేష్టలు అంటగట్టే పర్సానిఫికేషన్ కింద ఊదా గీత గీయాలి. పేజీకి పన్నెండు గీతలకు తక్కువైతే ఆ పేజీ చదవనట్టే లెక్క. ఏడవ నిబంధన ప్రకారం, ఆంగ్లంలో రాసినది ఏదైనా పాఠ్యమే. కనుక ఆంగ్ల ఉపాధ్యాయులు మండలికి పంపే ప్రతి ఉత్తరమూ ఆంగ్లంలోనే ఉండాలి. దానిని ముందుగా విశ్లేషించి, గ్రేడు నిర్ణయించిన పిమ్మటనే జవాబు సంగతి ఆలోచించాలి.

ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఇంగ్లీషు చెబుతున్న విశాలాక్షి టీచరు ఆ సర్క్యులరును రెండుసార్లు చదివింది. మొదటిసారి, ఎవరో ఆకతాయితనంగా రాశారనుకుంది. రెండోసారి చదివినప్పుడు అడుగున గుండ్రటి ముద్ర కనిపించింది.

ఉపమ అంటే ఏమిటో పిల్లలకు తెలియడం అనవసరమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ మాటలన్నీ ఆమే ఏటేటా ఓపికగా నేర్పింది. పేరు తెలిస్తే కవి చేసిన పని మరికొంత స్పష్టంగా కనబడుతుందని చెప్పేది. కళ్ళద్దాలు తుడుచుకోవడం మంచి అలవాటే. రోజంతా తుడుచుకుంటూ కూర్చుని, అదే చూపు అనుకోమంటేనే ఆమెకు మింగుడుపడలేదు.

మండలి తరఫున ఆ ప్రాంతానికి విశ్లేషణాధికారిగా వచ్చిన కోదండపాణి నలభై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా జేబులో నాలుగు రంగుల కలాలుండేవి. తొలి తనిఖీకి వచ్చిన రోజున తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విన్నాడు. తుఫానులో చిక్కుకున్న పడవ మీద పద్యం అది. ముప్పై ఎనిమిది మంది పిల్లలూ తలలు వంచుకుని గీతలు గీస్తున్నారు. ముందు వరసలో, పడమటి గోడవార కూర్చున్న కెజియా మాత్రం కలం కింద పెట్టి చెయ్యెత్తింది.

"టీచర్, ఆఖరికి ఆ పడవలోవాళ్ళు ఒడ్డుకొచ్చారా?"

"అమ్మాయీ," అన్నాడు కోదండపాణి వెనకనుంచి, "ఆ అంశము పరీక్షా పరిధిలోకి రాదు. నీవు ఇప్పటికి ఎన్ని గీతలు గీచితివి?"

"తొమ్మిదండీ."

"ఇంకను మూడు లోటు. పడవ సంగతి తరువాత."

విశాలాక్షి టీచరు పుస్తకం మూసింది. "రాలేదమ్మా. మునిగిపోయారు."

తరగతి అంతా ఒక్క క్షణం కలాలు ఆపింది. ఆ క్షణాన్ని కోదండపాణి తన నోటు పుస్తకంలో ఈ విధంగా నమోదు చేశాడు: 'ఉపాధ్యాయిని కథాంశమును బహిర్గతము చేసినారు. తత్ఫలితముగా ముప్పై ఎనిమిది మంది గీతలు నిలిచిపోయినవి.'

ఆయన కూర్చున్న బెంచీకి మూరెడు దూరంలోనే పడమటి గోడ ఉంది. దాని పునాది పక్కనుంచి వాన నీళ్ళ కాలువ పోతుంది. ఆ ఏడు కురిసిన మొదటి పెద్ద వానకు పునాది కింద మట్టి జారింది. గోడకు పైనుంచి కిందికి చీలిక పడింది. రేకుల కప్పు ఇనుప స్తంభాల మీద నిలిచింది కాబట్టి ఆ గోడ పోయినా కప్పుకు వచ్చే ప్రమాదం లేదు. ఉన్న ప్రమాదమంతా గోడవారనే కూర్చునే పిల్లలకు. వేరే ఖాళీ గది బడిలో లేదు.

బడి మరమ్మతుల నిధులు కూడా ఆ ఏడు మండలి చేతికే వచ్చాయి కనుక విశాలాక్షి టీచరు అక్కడికే మొదటి ఉత్తరం రాసింది. గోడ లోపలికి ఒరుగుతున్నది, చీలిక రోజురోజుకూ పెరుగుతున్నది, పిల్లల ప్రాణాలను అది బెదిరిస్తున్నది, వెంటనే మరమ్మతు చేయించవలసింది. పది రోజులకు జవాబు వచ్చింది. ఆమె ఉత్తరమే తిరిగివచ్చింది, మూడు ఊదా గీతలతో. ఒరుగుట మనుష్య చేష్ట. పెరుగుట ప్రాణుల లక్షణం. బెదిరించుట సంకల్పం గలవారికి మాత్రమే సాధ్యం. 'గోడకు మూడు మానవ గుణములను ఆరోపించిన తీరు ప్రశంసనీయము. ఉపమలు లేకపోవుట లోపము. గ్రేడు: బి.'

ప్రధానోపాధ్యాయుడు పిచ్చేశ్వరరావు ఆ కాగితాన్ని చూసి సంబరపడ్డాడు. "బి అంటే మంచిదే కదండీ మేడం! పక్కూరు స్కూలు వాళ్ళు బాత్‌రూముల గురించి రాస్తే సి ఇచ్చారంట."

"గోడ సంగతి ఏం చెప్పారండీ?"

ఆయన కాగితాన్ని తిరగేసి చూశాడు. వెనకవైపు ఖాళీగా ఉంది. "గోడ గురించి... రెండో విడత జవాబులో చెప్తారేమోలెండి."

ఆమె రెండో ఉత్తరం రాసింది. ఈసారి వాక్యాలే వదిలేసింది. తరగతి గది నుంచి చెక్క స్కేలు తీసుకెళ్ళి, కెజియా ఒక కొస పట్టుకుంటే, తనే కొలిచింది. గోడ పొడవు పద్దెనిమిది అడుగులు. ఎత్తు తొమ్మిది. చీలిక పొడవు ఆరు అడుగులు, వెడల్పు రెండు అంగుళాలు. వాలు నాలుగు అంగుళాలు, లోపలికి. గోడ పక్కన కూర్చునే పిల్లలు పదకొండుగురు. వాళ్ళ పేర్లు కూడా రాసింది. కెజియా పేరు అయిదోది.

జవాబు త్వరగా వచ్చింది, ఎందుకంటే అందులో గీయవలసిన గీత ఒక్కటీ లేదు. 'సదరు లేఖలో ఏ విధమైన భాషా విశేషమూ గోచరించలేదు. కావున దీనిని పాఠ్యముగా పరిగణించుటకు వీలులేదు. పాఠ్యము కానిదానిని చదువు అధికారము మండలికి లేదు. బి గ్రేడు పొందిన ఉపాధ్యాయిని ఇంతటి పతనమునకు గురియగుటకు కారణములు మూడు దినములలో తెలుపవలెను.'

"కొంచెం ఏదన్నా కలిపి రాయొచ్చు కదండీ మేడం," అన్నాడు పిచ్చేశ్వరరావు. "చందమామ లాగా, గుర్రం లాగా... రెండు ఉపమలు పడేస్తే ఏం పోతుంది?"

"గోడ చందమామలాగా ఉందని రాయమంటారా?"

"పోనీ, పాత గోడ కదా. ముసలాయన లాగా ఉందని రాయండి. జాలైనా పడతారు."

విశాలాక్షి టీచరు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే సాయం చేద్దామనుకుంటున్నాడు. అదే ఆమెకు ఎక్కువ భయం కలిగించింది.

ఆ వారంలో రెండు వానలు పడ్డాయి. చీలికలో చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది. మూడో ఉత్తరంలో ఆమె ఒకే వాక్యం రాసింది: ఈ వానాకాలం ముగిసేలోగా ఈ గోడ పిల్లల మీద పడుతుంది.

దానికి కాగితం రూపంలో జవాబు రాలేదు. కోదండపాణి స్వయంగా వచ్చాడు. స్టాఫ్ రూము గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా! ఇన్నాళ్ళూ మీలోని రచయిత్రిని గుర్తింపలేకపోతిమి. మండలి చరిత్రలోనే ఇంతటి స్వచ్ఛమైన భావిసూచన రాలేదు!"

"ఏమిటది?"

"ఫోర్‌షాడోయింగ్, అమ్మా. జరగబోవు సంఘటనను రచయిత ముందుగా సూచించుట. ఒక్క వాక్యములో మీరు కాలమును, స్థలమును, ఉత్కంఠను నిక్షేపించినారు. రాష్ట్రస్థాయికి నామినేటు చేసినాము."

"సంతోషం," అంది విశాలాక్షి టీచరు. "గోడ ఎప్పుడు కట్టిస్తారు?"

కోదండపాణి నొచ్చుకున్నట్టు కనిపించాడు. కుర్చీ లాక్కుని, చిన్న పిల్లకు లెక్క చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. "భావిసూచన అనునది సంఘటన జరిగినప్పుడే నిర్ధారణ అగును. సూచించినది జరగకపోయినచో అది రచనా దోషము. ఇప్పుడు మేము గోడకు మరమ్మతు చేయించితిమనుకోండి. అది పడదు. పడనిచో మీ వాక్యము దోషభూయిష్టమగును. మీ వంటి సీనియరుకు ఆ అపకీర్తి మా చేతుల మీదుగా కలుగుట మాకు సమ్మతము కాదు."

"అంటే గోడ పడేదాకా చూస్తారా?"

"చూచుట కాదమ్మా. నిరీక్షించుట."

"దాని కింద పిల్లలుంటారండీ."

"ఉండవలసిందే కదా! మీ వాక్యములో 'పిల్లల మీద' అని స్పష్టముగా ఉన్నది. వారిని తొలగించిన యెడల సందర్భము చెడును." ఆయన బాగా ఆలోచించి, ఒక రాయితీ కూడా ఇచ్చాడు. "మీరు 'పిల్లల పక్కన' అని రాసి ఉంటే వేరు విషయము."

మరునాడే ఉత్తర్వు వచ్చింది. నామినేషను పరిశీలన పూర్తి అయ్యేవరకు సదరు గోడను, గదిని, అందలి విద్యార్థులను యథాతథ స్థితిలో ఉంచవలెను. ఆ ఉత్తర్వు అందిన గంటలోనే విశాలాక్షి టీచరు ముప్పై ఎనిమిది మందినీ లేపి సైకిళ్ళ షెడ్డు కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. రెండు రోజులు అక్కడే పాఠం జరిగింది. మూడో రోజు మెమో వచ్చింది: 'ఉపాధ్యాయిని పాఠ్యమును సందర్భము నుండి విడదీసినారు. సోమవారము నుండి తరగతి యథాస్థానమున జరగని పక్షమున, ప్రధానోపాధ్యాయుని బాధ్యుని చేయడమగును.'

పిచ్చేశ్వరరావు మెమో పట్టుకుని పరుగున వచ్చాడు. "మేడం, నా మీదికి తెచ్చారు! సోమవారం గదిలో కూర్చోపెట్టకపోతే నన్ను పంపించేస్తారు. మీ కాళ్ళు పట్టుకుంటాను, పిల్లల్ని లోపల పెట్టండి."

"లోపల పెడతానండీ," అంది ఆమె. "సోమవారం పొద్దున్నే పెడతాను. గోడ పక్కన మాత్రం పెట్టను."

"గోడ అక్కడే ఉంటుంది కదండీ?"

అది శుక్రవారం.

ఆదివారం చర్చి ప్రార్థన ముగిసే వేళకు ఆమె కెజియా వాళ్ళ ఇంటికి వెళ్ళింది. కెజియా తల్లి ఎస్తేరమ్మ మస్తాన్ మేస్త్రి దగ్గర కూలి పని చేస్తుంది. గోడల సంగతి ఆమెకు ఎవరూ వివరించవలసిన అవసరం లేదు.

"ఏందమ్మగారూ, ఆ గోడ ఇంకా లేపలేదా? మా పిల్ల చెప్తే వాళ్ళే చూసుకుంటారులే అనుకున్నా."

"వాళ్ళు చూడరమ్మా. పడితే చూస్తారట."

"పడితేనా! ఎవరి మీద పడితే?"

"పిల్లల మీద. నేను అలా రాశానట. అందుకని."

ఎస్తేరమ్మ కొంగు నడుముకు దోపుకుని వీధిలోకి నడిచింది. అరగంటలో పదిహేను మంది తల్లులూ, మోకు భుజాన వేసుకుని మస్తాన్ మేస్త్రీ బడి దగ్గరికి చేరారు. మస్తాన్ చీలికలోకి చెయ్యి పెట్టి చూసి, నాలుక కరుచుకున్నాడు.

"మేడం, దీన్ని కూల్చక్కర్లేదు. గట్టిగా తుమ్మితే చాలు. కానీ సర్కారు గోడ. రేపు కేసేస్తే?"

"కూల్చమని చెప్పింది నేను. అదే చెప్పు."

"మీ పేరు చెప్పమంటారా?"

"విశాలాక్షి అని పూర్తిగా చెప్పు. ఇంటిపేరు కూడా చెప్పు."

బెంచీలన్నీ బయటికి మోశారు. మోకు బిగించి పిల్లల తల్లులందరూ ఒకేసారి లాగారు. గోడ ఒక్క ఊపున, బెంచీలు ఉండే చోటే, అడ్డంగా పడింది. దుమ్ము తగ్గాక ఎస్తేరమ్మ ఆ రాళ్ళ గుట్ట దగ్గరికి వెళ్ళి, కెజియా కూర్చునే ముందు బెంచీ ఉండే స్థలం చూసుకుంది. తరువాత అక్కడినుంచే రాళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది.

సోమవారం తొమ్మిదో తరగతి యథాస్థానంలోనే, మూడు గోడల మధ్య జరిగింది. పడమటి వైపునుంచి మంచి గాలి వచ్చింది.

విచారణకు వచ్చిన కోదండపాణి శిథిలాలను చూడలేదు. ఆయన దుఃఖమంతా కాగితం మీదనే ఉంది.

"గోడ పడిన మాట వాస్తవమేనా?"

"పడలేదు. నేను పడగొట్టించాను."

"అమ్మా, ఎంత పని చేసితిరి! రచయిత తన కథలోనికి తానే చొరబడి సంఘటనను జరిపించుట ఎచ్చటనైనా కలదా? అది సహజ పరిణామము కాదు, బలవంతపు ముగింపు. పైగా పిల్లల మీద పడనే లేదు!" ఆయన నామినేషను కాగితం తీసి మరోసారి చూసుకున్నాడు. "రాష్ట్రస్థాయి నామినేషను పోయినట్లే."

"పోనివ్వండి."

"మీకు పోవచ్చును. మండలికి పోరాదు. దీనికొక మార్గము ఆలోచించెదము."

విశాలాక్షి టీచరు సస్పెన్షను కాగితం కోసం ఎదురుచూసింది. బీరువాలోని తన పుస్తకాలు ఇంటికి చేర్చుకుంది. తొమ్మిదో రోజున వచ్చిన ఉత్తర్వులో ఆమె పేరు ఎక్కడా లేదు. 'సదరు గోడను పూర్వపు కొలతలతో, పూర్వపు వాలుతో, అనగా నాలుగు అంగుళములు లోపలికి ఒరుగునట్లుగా, పునర్నిర్మించి, దాని సహజ పతనమునకు తగిన అవకాశము కల్పించవలెను. నిధులు అత్యవసరముగా విడుదల చేయడమైనది.'

కొలతలు తప్పు పోకుండా, ఆమె రాసిన రెండో ఉత్తరాన్ని దానికి జతచేశారు. పాఠ్యం కాదని తిప్పిపంపిన కాగితానికి ఎవరో నకలు తీసి ఉంచారన్నమాట. చదవకూడదని నిర్ణయించినదాన్ని దాచిపెట్టగల శక్తి కార్యాలయాలకు మాత్రమే ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

పని మస్తాన్ మేస్త్రికే వచ్చింది. పిచ్చేశ్వరరావు ఉత్తర్వు చదివి వినిపిస్తుంటే అతను తాపీని కింద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పండి సార్. ఒరిగినట్టు కట్టాలా?"

"నాలుగంగుళాలు. లోపలికి."

"అట్టా కట్టడం నాకు రాదండీ."

"రాకపోవడమేంటయ్యా! నిలువుగా కట్టేవాడికి ఒరగ్గొట్టి కట్టడం ఎంతసేపు?"

"ఇరవై ఏళ్ళనుంచీ గోడలు కడతన్నా సార్. తాడుకి గుండు కట్టి వదుల్తా. గుండు ఎట్టా దిగితే గోడ అట్టా లేస్తది. ఒరిగేటట్టు కట్టాలంటే ముందు ఆ గుండుని ఒప్పించండి. అది ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

పిచ్చేశ్వరరావు విశాలాక్షి టీచరు వైపు చూశాడు. "మేడం, మీరన్నా చెప్పండి. ఆర్డరు..."

"మస్తాన్," అంది ఆమె, "పునాది ఎంత లోతు తియ్యాలో అంత తియ్యి. కాలువ పక్కన రాతి కట్టు కూడా వెయ్యి. మిగతాది నీ గుండు చెప్పినట్టు చెయ్యి."

గోడ పదహారు రోజుల్లో లేచింది. ఎస్తేరమ్మ సిమెంటు అందించింది. సున్నం వేసిన రోజున మస్తాన్ పిల్లలందరినీ వరసగా పిలిచి, ఒక్కొక్కరి చేతా గుండు పట్టించి, తాడు గోడకు సమంగా ఆనడం చూపించాడు. పిచ్చేశ్వరరావు కూడా, ఎవరూ చూడటం లేదనుకుని, ఒకసారి పట్టుకుని చూసుకున్నాడు.

ఇక మిగిలింది పని పూర్తయినట్టు మండలికి పంపవలసిన నివేదిక. అది ఆంగ్లంలో ఉండాలి, ఆంగ్ల ఉపాధ్యాయిని సంతకంతో ఉండాలి.

"వాలు నాలుగంగుళాలు అని రాసెయ్యండి మేడం," అన్నాడు పిచ్చేశ్వరరావు గొంతు తగ్గించి. "ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదండీ."

"నిజం రాస్తే దాన్నీ పడగొట్టి మళ్ళీ కట్టమంటారు! మళ్ళీ మొదటికొస్తది. ఒక్క అబద్ధంతో పోయేదానికి..."

ఆ భయం ఆమెకూ ఉంది. పదకొండుగురు ఆ గోడ పక్కనే కూర్చుంటారు. అబద్ధం రాస్తే గోడ నిలుస్తుందేమో, నిజం రాస్తే కూలుస్తారేమో. అయినా ఆమె చేతికి అలవాటైన మాటలే వచ్చాయి. గోడ కట్టడం పూర్తయింది. అది నిలువుగా ఉంది. ఏ పక్కకూ ఒరగలేదు. పిల్లల మీద పడదు. సంతకం చేసి, తేదీ వేసి, తనే పోస్టాఫీసుకు తీసుకెళ్ళి రిజిస్టరు చేయించింది.

జవాబు వచ్చేవరకు ప్రతి ఉదయమూ బడికి రాగానే పడమటి వైపుకు వెళ్ళి చూసేది. ఎవరూ గడ్డపారలతో రాలేదు. పన్నెండో రోజున కవరు వచ్చింది. తరగతిలో పాఠం మధ్యలో పిచ్చేశ్వరరావు దాన్ని చేతికిచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

'నాలుగు అంగుళముల వాలుతో నిర్మించబడిన గోడను నిలువుగా ఉన్నదని వర్ణించుట ద్వారా ఉపాధ్యాయిని ఐరనీని, అనగా ఉన్నదానికి పూర్తి విరుద్ధముగా పలికి ఉన్నదానినే స్ఫురింపజేయు ఉత్తమ పద్ధతిని, అత్యంత నిగ్రహముతో ప్రయోగించినారు. గ్రేడు: ఏ ప్లస్. ఈ ఫైలు మూసివేయడమైనది. గోడ పతనమైన వెంటనే తెలియజేయవలెను.'

ఆమె రెండుసార్లు చదివి, మడిచి, సొరుగులో పెట్టింది. పిచ్చేశ్వరరావు కళ్ళతోనే అడిగాడు. ఫరవాలేదన్నట్టు ఆమె తల ఊపింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు.

"ఏం రాశారు టీచర్?" అంది కెజియా, పడమటి వరస నుంచి.

"గోడ నిలువుగా ఉందని మనం రాస్తే వాళ్ళు నమ్మలేదు."

కెజియా పక్కకు తిరిగి, గోడను కిందినుంచి పైదాకా చూసింది. పక్కనున్న పిల్లలూ చూశారు.

"వాళ్ళు నమ్మకపోతే మళ్ళీ ఒరుగుద్దా టీచర్?"

"ఒరగదు," అంది విశాలాక్షి టీచరు. "గోడకు ఆనుకుని కూర్చో. పుస్తకం తియ్యి."